వేటకాలమునకు ముందు: రాకీ పర్వతములలో ఎల్క్ జాడ

ఎల్క్ అను ఆంగ్లపదము ఒక్క మృగముతో తృప్తిపడలేదు. ఉత్తర ఐరోపాలో అది చేటల వంటి కొమ్ములుగల మృగమునకు పేరు. మన దేశమునకు వచ్చిన ఆంగ్లేయ వేటగాండ్రు నీలగిరులలోని కణుజును ఎల్క్ అనిరి. అమెరికాకు వలసపోయినవారు అచ్చటి మరియొక పెద్దజింకకు అదే పేరు తగిలించిరి. షానీ జాతివారి భాషలో దాని పేరు 'వాపిటి'. తెల్లని వెనుకభాగము గలదని అర్థము. శ్రోతలకు నేడు చెప్పబోవునది ఈ వాపిటి కథ.

వయోమింగు, మోంటానా రాష్ట్రములలో ఆగస్టు వచ్చెనా, వేటగాండ్రు తుపాకి లేకయే కొండలెక్కుదురు. మెడలో దుర్భిణి మాత్రముండును. వేటకాలము ఆరంభము కాకముందే మందలున్న తావులను కనిపెట్టుట వారి పని. వేసవిలో ఎల్క్‌లు ఎత్తయిన పచ్చికబయళ్లను చేరును. వేకువను, మునిమాపున మేసి, ఎండ ముదురగానే ఉత్తరపు వాలులోని చిక్కని చెట్లనీడకు పోవును. కనుక చూడగోరువాడు చీకటి విడకముందే ఎదుటి గట్టున కూర్చుండవలెను. గాలి అతని వైపునుండి మంద వైపునకు వీచెనా, ఆ శ్రమయంతయు వృథా. మృగము కనబడనినాడు దాని గురుతులనే చదువవలెను. మగవి కొమ్ములమీది మఖమలు వంటి తోలును రాచి వదల్చుకొన్న చెట్లకు బెరడు లేచియుండును. మదకాలమున పొర్లాడిన బురదగుంటలు ఘాటుగా వాసన కొట్టును. సెప్టెంబరులో వినవచ్చు కూత పిల్లనగ్రోవిని గట్టిగా ఊదినట్లు సన్నగా పైకి ప్రాకును. మూడువందల కిలోలు తూగు దేహమునుండి అంత సన్నని ధ్వని వెలువడుట వింతయే!

జాడ తీయు విద్య ఆ కొండలలో మిక్కిలి పాతది. 'వేటకాలమునకు ముందు' అను మాట మాత్రము పాతది కాదు. వేటకాలమును సృష్టించినది శాసనము. క్రో, షోషోనీ, బానక్ జాతులవారికి మంద ఎన్నడు కొండ దిగునో, ఏ కనుమ దాటునో, అదియే పంచాంగము. క్రో స్త్రీల పండుగ ఉడుపులపై ఎల్క్ కోరపండ్లు వరుసలుగా కుట్టబడియుండును. ఒక్కొక్క మృగమునకు అట్టి పండ్లు రెండే. మూడువందల పండ్లున్న ఉడుపనగా నూటఏబది మృగములు. ఒక కుటుంబమువారు ఏండ్ల తరబడి కూడబెట్టిన సంపద.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున చర్మపు వ్యాపారులు వచ్చిరి. ఎల్లోస్టోన్ ఉద్యానము 1872లో ఏర్పడినను అందు వేటను నిషేధించినది 1883లో మాత్రమే. తరువాత నగరములలో ఎల్క్ పండ్లను గడియారపు గొలుసులకు వ్రేలాడదీయు మోజు పుట్టెను. దొంగవేటగాండ్రు రెండు పండ్లు పెరికికొని కళేబరమును విడిచిపోయిరి. స్థూలమైన అంచనాలను బట్టి, ఒకప్పుడు ఖండమున కోటివరకు ఉన్న ఎల్క్‌లు ఇరువదవ శతాబ్ది ఆరంభమునకు లక్షలోపునకు దిగజారినవి.

శాసనములు అవసరమే, అందు సందేహము లేదు. కాని వాటి బరువు మొదట ఎవరిపై పడెనో చూడవలెను. పరులు ఆక్రమింపని ప్రభుత్వ భూములలో వేటాడు హక్కు బానక్‌లకు 1868 నాటి సంధివలన కలదు. అయినను 1895 జూలైలో జాక్సన్ హోల్ లోయలోని వలసదారులు, అకాలమున వేటాడిరని వారిని పట్టుకొనిరి. దారిలో పారిపోబోయినవారిపై కాల్పులు జరిగెను. ఒక వృద్ధుడు మరణించెను. దూరదేశపు ధనికులకు వేటలో దారిచూపి కూలి పుచ్చుకొనువారు ఆ వలసదారులలోనే ఉండిరని మరువరాదు. ఆ యేడే ఏడు ఎల్క్‌లను చంపెనను నేరముపై రేస్ హార్స్ అను బానక్ వేటగాడు బంధింపబడెను. 1890లో వయోమింగు రాష్ట్రమగుటతోనే సంధి హక్కు నశించెనని 1896 మే 25న అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఒక్క న్యాయమూర్తి మాత్రము విభేదించెను.

మందలు శీతకాలమున దిగివచ్చు లోయలకు అప్పటికే కంచెలు పడినవి. 1909 నాటి కఠినమైన చలికాలమున జాక్సన్ హోల్‌లో ఎల్క్‌లు ఆకలితో కుప్పకూలుచుండగా, అచ్చటి వలసదారులే తమ పశువుల గడ్డిని వాటికి వేసిరి. స్టీఫెన్ లీక్ తీసిన ఛాయాచిత్రములు దేశమును కదలించెను. 1912లో ఆ లోయలోనే ఎల్క్‌లకు జాతీయ ఆశ్రయము వెలసెను. నేడు ఉత్తర అమెరికాలో వాటి సంఖ్య సుమారు పదిలక్షలు.

సంధి కథ అంతటితో ముగియలేదు. క్రో జాతికి కూడ 1868లోనే అట్టి సంధి జరిగియుండెను. 2014 జనవరిలో ఆ జాతి వేటగాడొకడు మోంటానాలోని తమ ప్రాంతమునుండి ఎల్క్ మందను వెంబడించుచు, సరిహద్దు దాటి వయోమింగులోని బిగ్‌హార్న్ అడవిలో ప్రవేశించి వేటాడెను. అకాల వేటయని అతనిపై నేరము మోపబడెను. 2019 మే 20న సర్వోన్నత న్యాయస్థానము అయిదుగురు నలుగురుగా చీలి, రాష్ట్రావతరణముతో సంధి హక్కు నశింపదనియు, 1896 నాటి తర్కము చెల్లదనియు తీర్పు చెప్పెను. అతడు వేటాడిన తావు ఆక్రమితమా కాదా అను ప్రశ్నను మాత్రము క్రింది న్యాయస్థానములకు విడిచిపెట్టెను.