గంజాం తీరమున గృహ పునర్నిర్మాణము: అనుమతి పత్రముల చరిత్ర

నిప్పు గాని గాలి గాని ఒక యింటిని గడియలో తీసికొనిపోవును. ఆ యింటిని తిరిగి నిలుపుటకు కావలసిన యనుమతి మాత్రము ఏండ్ల తరబడి రాకపోవచ్చును. గంజాం మండలమందలి తెలుగువారి చరిత్రను రాజవంశములలోను, శాసనములలోను వెదకుట మనకు పరిపాటి. ఇల్లు కోల్పోయిన సామాన్యుడు కచేరి గడప ఎక్కినపుడు అతని నేమడిగిరో విచారించుటయు చరిత్రకారుని పనియే. ఏ ప్రభుత్వము వచ్చినను మొదటి ప్రశ్న “నీకేమి పోయినది?” అని కాదు, “ఆ నేల యెవరిది?” అని. ఈ వ్యాసమున చూపదలచిన దిదియే.

పూర్వము ఈ ప్రాంతమున పేదల యిండ్లు మట్టిగోడలపై తాటాకో గడ్డియో కప్పినవి. ఒకదాని చూరు మరియొకదానిని తాకుచుండును. వేసవిలో ఒక్క నిప్పురవ్వ పడినను గాలివాటున వీధియంతయు బూడిద కాగలదు. బరంపురమున పురపాలక సంఘము 1867లో ఏర్పడినది. తరువాత 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టము, సులభముగా మండు వస్తువులతో కప్పులు వేయుటకు ముందుగా అనుమతి పొందవలెనని విధించెను. క్రొత్త యింటికే కాక, పడిపోయిన యింటిని మరల కట్టుటకును అర్జీయు, స్థలపటమును కావలసివచ్చెను. తాటాకు మాని పెంకు వేయుట క్షేమమే. కాని కూలివానికి ఆ క్షేమము ఖరీదైనది.

ఆ చట్టమున ఒక మేలైన నియమము గలదు. అధికారి గడువులోపల జవాబీయక, పిదప అర్జీదారుడు కోరినను సంఘము నెలలోగా తేల్చనిచో, అనుమతి లభించినట్లే భావింపవలెను. ఈ రక్షణ అర్జీ పెట్టిన తేదీని రుజువు చేయగలవానికే దక్కును. రశీదు దాచుకొనని వానికి చట్టమున్నను లేనట్లే.

ఈ చిక్కు మన దేశమునకే ప్రత్యేకము కాదు. 1666లో లండను నగరము దగ్ధమైన పిమ్మట, 1667 నాటి శాసనము ఇటుకతోనో రాతితోనో ఇండ్లు కట్టవలెనని ఆజ్ఞాపించెను. దానితోపాటు ఒక ప్రత్యేక న్యాయస్థానమును నెలకొల్పవలసివచ్చెను. కాలిన యింటిని కట్టవలసినవాడు స్థలము గలవాడా, అద్దెకున్నవాడా అను తగవులను అది తీర్చెను. గోడల కంటె ముందు హక్కులు తేలవలసివచ్చినవి.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా, బరంపురము, ఛత్రపురము అందు చేరినవి. ఇచ్ఛాపురము మద్రాసులోనే నిలిచెను. బరంపురమున పాత మద్రాసు చట్టమే 1950లో ఒరిస్సా పురపాలక చట్టము వచ్చువరకు సాగెను. 1954లో ఒరియా అధికార భాష యయ్యెను. ఇది సహజమే, దీనిలో ఎవరిపైనను నిష్ఠూరము లేదు. అయినను తెలుగు కుటుంబముల పెట్టెలలో నున్న పాత క్రయపత్రములు తెలుగులో, క్రొత్త పట్టాలు ఒరియాలో ఉండుటచే, తాత పేరును మనుమని పేరును కలుపు దారము పెక్కుచోట్ల తెగినది. “గ్రామకంఠము” అని వ్రాసిన పత్రము చేతబట్టుకొని, “ఘరబారి” అను మాట గల పత్రము నడుగు కచేరికి పోవువాని యిబ్బంది ఊహింపదగినది.

సముద్రతీరమున ఈ యిబ్బంది మరింత హెచ్చు. గోపాలపురము, ఆర్జిపల్లి, పొడంపేట, మార్కండి, రామయపట్నము మొదలగు పల్లెలలో తెలుగు మాటాడు వాడబలిజలు, జాలరులు తరతరములుగా నున్నారు. ఒరియావారు వీరిని నోళియాలందురు. ఒడ్డు నేల కొంత సర్కారుదిగను, కొంత జమీందారులదిగను ఉండెడిది. 1951 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారుల హక్కు ప్రభుత్వమునకు సంక్రమించెను. తెప్పను లాగి వలను ఆరవేసిన యిసుకకు పట్టా కావలెనని వారిలో పెక్కురు తలపనేలేదు.

1991 ఫిబ్రవరి 19వ తేదీన కేంద్ర ప్రభుత్వము తీరప్రాంత నియంత్రణ ప్రకటనము వెలువరించెను. దానిచే గ్రామీణ తీరమున ఆటుపోట్ల గరిష్ఠ రేఖనుండి 200 మీటర్లవరకు క్రొత్త కట్టడములు నిషిద్ధములయ్యెను. 2011 ప్రకటనము 100, 200 మీటర్ల నడుమ మత్స్యకారుల నివాసములకు, అంచెలంచెల ఆమోదముతో, అవకాశ మిచ్చెను. పాత యింటిని మరల కట్టుకొనవచ్చును గాని, అది “అధికృత” కట్టడము కావలెను. పట్టా లేని గుడిసె ఆ మాటకు ఎట్లు తూగును?

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటెను. ముందుగా లక్షలాది జనమును తరలించుటచే ప్రాణనష్టము మిక్కిలి తగ్గెను. ఇండ్లు మాత్రము నిలువలేదు. ప్రపంచ బ్యాంకు ఋణముతో జరిగిన పునర్నిర్మాణ పథకమున ఇంటికి 3 లక్షల రూపాయలు విడతలుగా నిర్ణయింపబడినవి. పునాది, గోడ, కప్పు చూపినకొలది సొమ్ము వచ్చెను. స్వంత స్థలము గలవాడు ఉన్నచోటనే కట్టుకొనగలిగెను. లేనివానికి ప్రభుత్వమిచ్చు స్థలమే శరణ్యము. అది గట్టి యిల్లే. కాని బెస్తవానికి కెరటము కనబడని యిల్లు సగము యిల్లు. కోతకు గురియైన పొడంపేట వంటి పల్లెలలో కదలక తప్పదు. కదలిన పిదప తెప్పలకును వలలకును చోటెక్కడ అన్నది పటములో కనబడదు.

2025 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజలిస్ పరిసరములలో కార్చిచ్చు వేలకొలది కట్టడములను దహించినపుడు, ఆ రాష్ట్ర గవర్నరు తీర నియంత్రణ అనుమతులను సడలించెను. పూర్వపు కొలతలను మిక్కిలి మించక కట్టువారికే ఆ సడలింపు. అనగా అచ్చటను పాత యింటి కొలతలకు ఆధారము చూపవలెను. సంపన్న దేశమునకును, ఇసుకతిన్నెపై గుడిసెకును నియమమొక్కటే: కాగితము మిగిలినవాడే ముందు నిలుచును.

కావున మన సంఘములు చేయదగిన పని కలదు. తీరగ్రామములలో ప్రతి కుటుంబము వద్దనున్న పత్రములకు నకళ్లు తీసి ఊరికి దూరముగా భద్రపరుపవలెను. తెలుగు పత్రములకు ఒరియా అనువాదములు చేయించి ధ్రువీకరింపజేయవలెను. మా వంటి పాఠశాలలలో పిల్లలకు రెండు లిపులును నేర్పుచున్నాము. ఇంటి పట్టాను, అర్జీని, రశీదును చదువుటయు నేర్పిన యెడల ఆ విద్య ఇంటికి అక్కరకు వచ్చును. పద్యము నేర్చిన బాలుడు తన తండ్రి పేర నున్న పత్రమును చదువలేకపోవుట మన భాషకును గౌరవము కాదు. మరల గాలి రాక తప్పదు. అది వచ్చులోపల ఈ పని ముగియవలెను.