నాయనమ్మ పెరట్లో కలుపు

మా పెరట్లోకి కలుపుమందు డబ్బా ఎన్నడూ రాలేదు. దోకుడుపార, కొడవలి, నాయనమ్మ రెండు చేతులు, అంతే. వాన వెలిసిన మర్నాడు, మట్టి మెత్తగా ఉండగానే, తుంగను గడ్డతో సహా పెకిలించేది. "పైపైన కోస్తే మళ్లీ మొలుస్తది బిడ్డా" అనేది.

పీకినదంతా పారేసేది కాదు. గంగవాయిలి పప్పులోకి. తుంగగడ్డలు ఎండబెట్టి మందుకి. వినాయక చవితి వస్తే సగం కలుపు పూజకే పోయేది. ఇరవై ఒక్క పత్రిలో గరిక ఉంది, ఉత్తరేణి ఉంది, ఉమ్మెత్త కూడా ఉంది. ఆ రోజు తుమ్మికూర వండని ఇల్లు మా వాడలో లేదు. ఏటా వానకాలంలో పెరడు శుభ్రమయ్యేది ఇలాగే.

ఈ లెక్క తప్పించింది వయ్యారిభామ. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను 1955లో పుణెలో గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందని చాలామంది చెబుతారు. ఊళ్లలో దీన్ని కాంగ్రెస్ గడ్డి అంటారు. కూరకు రాదు, పూజకు రాదు, పశువు ముట్టదు. తాకితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాని ఆకులు తినే పెంకుపురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. పురుగు వానకాలంలో బాగా పనిచేస్తుంది, ఎండలకు నేలలో దాక్కుంటుంది.

మిగతా పని మనదే. చేతికి గుడ్డ చుట్టుకుని, తెల్లపూత రాకముందే వేరుతో పీకండి.