గ్రహణం మొర్రి – తల్లి చేసిన తప్పేమిటి?



పురిటి గదిలో బిడ్డ ఏడుపు వినబడగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచి వస్తుంది. మగపిల్లాడా, ఆడపిల్లా అని అడుగుతారు. కాని ఒక్కొక్కసారి బిడ్డ ముఖం చూసిన వాళ్ళు ఒక్క క్షణం మాట పడిపోయి నిలబడతారు. పై పెదవి చీలి ఉంటుంది. ఆ మౌనం తరువాత వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో మీకూ తెలుసు. "గ్రహణం నాడు బయటికి వచ్చావా? కత్తిపీట ముట్టుకున్నావా?"

పచ్చి బాలింత ఏం చెబుతుంది, పాపం! తొమ్మిది నెలలూ వెనక్కి తిరిగి వెతుక్కుంటుంది. ఆ రోజు దాహమేసి వంటింట్లోకి వెళ్ళాను కాబోలు, కిటికీ రెక్క తెరిచాను కాబోలు అనుకుంటుంది. బిడ్డకు వచ్చిన చీలికను డాక్టర్లు కుట్టి సరిచేయగలరు. తల్లి మనసులో పడిన ఈ చీలికను ఎవరు కుడతారు? అందుకే ఈ నింద ఎంతవరకు నిజమో కాస్త వెనకటి చరిత్ర తిరగేసి చూద్దాం.

ముందు గ్రహణం సంగతి. రాహుకేతువులు మింగుతారన్న కథ మనకు ఎంత పాతదో, అది నీడల ఆట అన్న తెలివిడీ ఇంచుమించు అంత పాతదే. ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడనీ, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుందనీ స్పష్టంగానే చెప్పాడు. మన పంచాంగాల్లో స్పర్శకాలం, మోక్షకాలం గంటలు నిమిషాలతో సహా ముందుగానే వేస్తారు కదా, అది ఈ నీడల లెక్కే. రాహువుకు ఎప్పుడు ఆకలి వేస్తుందో కనిపెట్టి వేసినది కాదు!

మన తెలుగునేల మీద జరిగిన ఒక గ్రహణం ప్రపంచ విజ్ఞానశాస్త్ర చరిత్రకే ఎక్కింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు సముద్రాలు దాటి గుంటూరు వచ్చాడు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెన్నంట్ కూడా గుంటూరులోనే దిగాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తి చేరుకున్నాడు. సంప్రదాయ కుటుంబంలో పుట్టిన ఆయన గ్రహణానికి జడిసి తలుపులు వేసుకోలేదు, దూరదర్శిని ఎక్కుపెట్టాడు.

ఆ కొద్ది నిమిషాల చీకటిలో సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూశారు. అందులో ఒక పసుపు గీత కనిపించింది. అది మనకు తెలిసిన ఏ మూలకానికీ చెందినది కాదని ఇంగ్లండులో లాకియర్ తేల్చి, సూర్యుడి గ్రీకు పేరు మీదుగా 'హీలియం' అని పేరు పెట్టాడు. భూమి మీద హీలియం 1895లో గాని దొరకలేదు. ఆలోచించండి! గ్రహణం పూట ఆరుబయట నిలబడిన వాళ్ళు సూర్యుడి గుట్టు కనిపెట్టారు. ఆ పూటే, ఆ ఊళ్ళోనే, ఎందరో నిండు చూలాళ్ళు గాలి ఆడని గదుల్లో మంచినీళ్ళకు కూడా నోచుకోక కూర్చుని ఉంటారు.

"సరేనండీ, నీడే అనుకుందాం. ఆ నీడకు కీడు చేసే గుణం లేదని ఏమిటి నమ్మకం?" అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. దానికి జవాబు మెక్సికో నుంచి మొదలుపెడతాను. మన ఆచారాల పొడ కూడా సోకని ఆ దేశంలోనూ ఇదే భయం ఉంది. గ్రహణం పడితే కడుపులో బిడ్డ పెదవిని ఏదో కొరికేస్తుందని అక్కడి ఆజ్‌టెక్ జాతి వారు నమ్మేవారు. పదహారో శతాబ్దంలో సహగూన్ అనే స్పెయిన్ మతగురువు ఈ నమ్మకాన్ని రాసి పెట్టాడు. మరి వాళ్ళ విరుగుడు ఏమిటనుకున్నారు? గర్భిణి నడుము దగ్గర పదునైన నల్లరాతి ముక్క పెట్టుకోవడం! తరువాతి కాలంలో రాయి పోయి తాళంచెవి, పిన్నీసు వచ్చాయి. మన దగ్గర గర్భిణి కత్తి, సూది, కత్తెర ముట్టుకుంటే ప్రమాదం. అక్కడ పదునైన వస్తువు దగ్గర లేకపోతే ప్రమాదం. చంద్రుడు ఒక్కడే, నీడ ఒక్కటే, నియమాలు మాత్రం తలకిందులు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. రెండు చోట్లా చీలిన పెదవుల పిల్లలు పుడుతూనే ఉన్నారు కనుక రెంటిలో ఏదీ పనిచేయలేదనే అనుకోవాలి.

ఇక డాక్టర్లు ఏం చేశారో చూద్దాం. డెన్మార్కులో ఫోగ్ ఆండర్సన్ అనే శస్త్రవైద్యుడు చీలిన పెదవి, చీలిన అంగిలి ఉన్న ఏడు వందల పైచిలుకు మందిని తీసుకుని, వాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనమామలు, మేనత్తలు ఎవరికైనా ఉందా అని ఓపికగా ఆరా తీశాడు. 1942లో అచ్చయిన ఆయన గ్రంథం ఇది వంశాల్లో దాగి వచ్చే లక్షణమని చూపింది. 1951లో కెనడాలో ఫ్రేజర్, ఆయన సహచరుడు చూలుతో ఉన్న ఎలుకలకు కార్టిజోన్ మందు ఇచ్చి చూశారు. పిల్లలకు అంగిలి చీలింది. కాని అదే మందు ఇచ్చినా ఒక జాతి ఎలుకల్లో చాలా ఎక్కువగా, మరో జాతిలో తక్కువగా చీలింది. అంటే వంశలక్షణం కొంత, బయటి నుంచి వచ్చిపడేది కొంత, రెండూ కలిస్తేనే ఇది జరుగుతుందన్నమాట. కొన్ని మూర్ఛ మందులు, పొగతాగడం, గర్భానికి ముందు నుంచీ ఉన్న చక్కెర వ్యాధి కూడా ముప్పు పెంచుతాయని ఇప్పుడు తెలుసు. చాలామంది పిల్లల్లో మాత్రం ఇదీ కారణమని వేలెత్తి చూపడానికి ఏదీ దొరకదు. ఈ కారణాల పట్టికలో గ్రహణం ఎక్కడా లేదు.

ఇంకొక్క సంగతి, మనకు బాగా అక్కరకు వచ్చేది. బిడ్డ పై పెదవి గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారంలోపు అతుక్కుంటుంది. అంగిలి తొమ్మిదో వారానికల్లా కలుస్తుంది.  సీమంతం నాటికి ఆ పెదవి తయారై నెలలు దాటిపోతాయి. అయినా మనం గదిలో కూర్చోబెట్టేది ఎవరిని? ఏడో నెల, ఎనిమిదో నెల నిండు మనిషిని! మరి రెండో నెలలోనే గ్రహణం వస్తేనో అంటారా? అదే నిజమైతే ప్రతి పెద్ద గ్రహణం తరువాత ఏడెనిమిది నెలలకు పురిటి ఆసుపత్రులు ఇలాంటి బిడ్డలతో నిండిపోవాలి. అలా జరగడం లేదు. ఏడాది పొడుగునా, గ్రహణం కనబడిన దేశాల్లోనూ, కనబడని దేశాల్లోనూ, సుమారు ఏడు వందల కాన్పులకు ఒకరు చొప్పున పుడుతూనే ఉన్నారు.

"మా పిన్నికూతురి విషయంలో అచ్చం అలాగే జరిగింది" అనే వారుంటారు. నిజమే, జరిగి ఉంటుంది. గ్రహణాల రుతువు దాదాపు ఆరు నెలలకొకసారి వస్తుంది. కంటికి ఆనీ ఆననివి కూడా లెక్కిస్తే ఏడాదికి నాలుగు నుంచి ఏడు దాకా గ్రహణాలు వస్తాయి. ఏ బిడ్డ తొమ్మిది నెలలు తీసుకున్నా లోకంలో ఎక్కడో ఒక గ్రహణం తగలక మానదు. తప్పు వెతికితే దొరకని తల్లి ఉండదు. కాని అదే గ్రహణాన్ని దాటి చక్కని పెదవులతో పుట్టిన మిగతా ఆరు వందల తొంభైతొమ్మిది మందిని ఎవరు లెక్కపెట్టారు?

1980 ఫిబ్రవరి 16న మన రాష్ట్రం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్ళింది. పట్టపగలు వీధులు బోసిపోయాయి. అందులో ఒక్క భయం మాత్రం సబబైనది సుమండీ. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంటి లోపలి పొర కాలుతుంది, పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. అది గర్భిణికే కాదు, పసివాడి నుంచి పండుముసలి దాకా అందరికీ ఉన్న ప్రమాదమే. సైన్సు పెద్దల మాటలన్నీ తీసిపారేయమనదు. చేటలో వేసి చెరిగి, గింజ ఏదో తాలు ఏదో చూడమంటుంది.

కనుక గ్రహణం రోజున గర్భిణికి వేళకు అన్నం పెట్టండి, మంచినీళ్ళు ఇవ్వండి, గాలి తగలనివ్వండి. జపం చేసుకోవాలనుకుంటే చేసుకోనివ్వండి, దానివల్ల నష్టం లేదు. మూర్ఛ మందులు వాడే వాళ్ళు వాటిని సొంతంగా మానేయకుండా, గర్భం అనుకునే ముందే డాక్టరును అడగాలి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు అప్పటినుంచే వేసుకుంటే బిడ్డ వెన్నెముక లోపాలను నివారిస్తాయని రుజువైంది.

ఒకవేళ అటువంటి బిడ్డే పుడితే, ముందు పాలు పట్టడం చూడండి. అంగిలి చీలితే బిడ్డ చప్పరించలేదు. పాలు పిండి, తల ఎత్తి పట్టుకుని, మన ఉగ్గుగిన్నెతోనే కొద్దికొద్దిగా పట్టవచ్చు. ఎలా పట్టాలో ఆసుపత్రిలో నర్సమ్మను అడిగి చూపించుకోండి. పెదవికి మూడు నెలలు దాటాక, అంగిలికి సుమారు ఏడాది వయసులో శస్త్రచికిత్స చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ లోపమూ ఉంది. డబ్బు లేదని ఆగిపోకుండా ప్రభుత్వాసుపత్రిలో అడగండి. గ్రహణదోషమని శాంతులు చేయిస్తూ ఏళ్ళు గడిపితే బిడ్డకు మాట సరిగా రాదు, చెవులకూ చేటు.

ఈసారి మీ ఇరుగుపొరుగున అలాంటి బిడ్డ పుట్టిందని తెలిస్తే, చూడటానికి వెళ్ళినప్పుడు ఆ పాత ప్రశ్న అడగకండి. బాలింత పక్కన కూర్చుని, "ఇందులో నీ తప్పు ఏమీ లేదమ్మా. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్దాం? నేనూ తోడు వస్తాను" అనండి. ఆ తల్లికి అప్పుడు కావలసింది ఆ మాటే.

సెలవు.