రక్తనాళంతో వచ్చిన అతుకు

1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న కొద్దికాలానికే, వాటితో పనిచేసేవారి చేతులు కమిలి మానని పుండ్లు పడడం వైద్యలోకం గమనించింది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఎక్స్ రే సేవలకు ఆద్యుడైన వాల్టర్ డాడ్‌కు శస్త్రవైద్యుడు చార్లెస్ ఆలెన్ పోర్టర్ పుండును కోసి తీసి, మరోచోటి చర్మం తెచ్చి అతికిస్తూ పదేపదే ఆపరేషన్లు చేసినా వ్యాధి ఆగక, 1916లో డాడ్ ఆ పుండ్లనుంచి పుట్టిన క్యాన్సర్‌తోనే కన్నుమూశారు.

పోర్టర్ నేర్పులో లోపం లేదు. పల్చని చర్మపు అతుకు తన వెంట రక్తనాళాన్ని తెచ్చుకోదు. తొలి రోజుల్లో కింది గాయంలో ఊరే ద్రవంతోను, ఆపైన అక్కడినుంచి పాకివచ్చే సన్నని నాళాలతోను బతుకుతుంది. రేడియేషన్ సోకినచోట ఆ నాళాలే నెలలు, ఏళ్ల తరబడి మెల్లగా పూడుకుపోతాయి గనుక అతుకు నిలవదు. క్యాన్సర్ చికిత్సలో వాడే రేడియేషన్ వల్ల దవడ ఎముక కుళ్లిపోయే వ్యాధిని పరిశీలించిన రాబర్ట్ మార్క్స్, ఆక్సిజన్, జీవకణాలు, నాళాలు మూడూ అక్కడ కొరవడతాయని 1983లో సూత్రీకరించారు.

అందువల్ల రక్తనాళం తెగకుండా కదిలించి తెచ్చే కండరమో చర్మమో, అంటే ఫ్లాప్, అవసరమైంది. ఇటలీకి చెందిన ఇజీనియో తాన్సీనీ రొమ్ము తొలగించినచోట వీపు కండరాన్ని దాని చర్మంతో సహా తిప్పి కప్పే పద్ధతిని 1906లోనే ప్రకటించారు. అది మరుగున పడిపోగా, ఛాతీపై రేడియేషన్ గాయాలకు అదే కండరాన్ని ఒలివారి వాడి చూపింది 1976లో. ఎందరి బాధనో తగ్గించగలిగిన ఉపాయం డెబ్బై ఏళ్లు మూలపడి ఉండడం ఈ చరిత్రలో అన్నిటికన్నా విచారకరమైన ఘట్టం. ఈ రెంటికీ మధ్యకాలంలో, 1963లో, రుమేనియాలోని క్లూజ్‌కు చెందిన కిరికుత్సా పేగులపై తెరలా వేలాడే కొవ్వుపొరను, మన ప్రాచీనులు వప అన్నదాన్ని, ఛాతీ గాయాలపైకి తెచ్చారు. రక్తనాళాలు దట్టంగా ఉన్న ఆ పొర ఎండిన గాయానికి కొత్త రక్తాన్ని అందించింది.

1979లో ఆరియన్ వివరించిన ఛాతీ కండరపు ఫ్లాప్‌కు నాళాలను తెంచి మళ్లీ కుట్టేందుకు వాడే సూక్ష్మదర్శిని అక్కరలేకపోవడంతో, నోటి క్యాన్సర్ ఎక్కువగా ఉన్న భారతదేశంలో అది నేటికీ విరివిగా వాడుకలో ఉంది. ఎముకే పోయినప్పుడు మాత్రం కండరం చాలదు. 1989లో న్యూయార్క్‌లో హిడాల్గో పిక్క పక్కనుండే ఫిబులా అనే సన్నని ఎముకను నాళంతో సహా తీసి, దవడ వంపు వచ్చేలా ముక్కలుగా అమర్చి, ఆ నాళాన్ని మెడలోని నాళాలతో కుట్టే పద్ధతిని వివరించారు. అయితే మెడకూ రేడియేషన్ సోకి ఉంటే అక్కడి నాళాలూ దెబ్బతిని ఉంటాయి కాబట్టి, శస్త్రవైద్యులు కిరణాలు తగలని మంచి నాళం కోసం ఒక్కోసారి మెడ అవతలి వైపుకో, ఛాతీ లోపలికో వెళ్లవలసి వస్తుంది.