ఖహ్వా మూల: మెహమాన్ కళ్లముందు కాగిన తారీఖ్



1862లో విలియం పాల్‌గ్రేవ్ అనే ఆంగ్లేయ ముసాఫిర్, షామ్ దేశపు హకీమ్ వేషం వేసుకుని, అరేబియా ఉత్తరాన ఉన్న జౌఫ్ అనే ఊరు చేరాడు. అక్కడ ఒక పెద్దమనిషి ఇంట్లో అతన్ని కూర్చోబెట్టిన గది పేరు ఖహ్వా. తాగేదాని పేరూ అదే, కూర్చునే గది పేరూ అదే. గది దాదాపు 50 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. చివర రాతి పొయ్యి, దాని పక్కన వరసగా రాగి ఖహ్వా పాత్రలు. ఆ వరస గురించి తన సఫర్‌నామాలో అతను ఒక తమాషా సంగతి రాశాడు. ఖహ్వా కాయడానికి మూడు పాత్రలకు మించి అక్కర్లేదట. కానీ జౌఫ్‌లో ఐదారు పెడతారు, ఇంకా దక్షిణానికి పోతే దానికి రెట్టింపు పెడతారు. పాత్రలు ఎన్ని ఎక్కువుంటే ఆ ఇంటికి అంతమంది మెహమాన్లు వస్తారని, ఇంటాయనది పెద్ద చెయ్యి అని చూసినవాళ్లకు తెలియాలి కదా!

ఇది చదివి నవ్వుకున్నాను. ఈ రోజుల్లో పిల్లలు ఫోన్‌లో చూపించే ‘కాఫీ బార్’ ఫోటోలకూ ఆ రాగి పాత్రల వరసకూ పెద్ద ఫరక్ లేదు. గోడకు అరలు, అరల్లో కప్పులు, కింద మెషీను, పక్కన గాజు సీసాలు. నుమాయిష్ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయితే జౌఫ్ గదిలో నుమాయిష్‌తో పాటు ఇంకొకటి ఉండేది. అదేమిటో వెతకాల్సిన జరూరత్ నాకెందుకు పడిందో చెప్తాను.

మా ఇంట్లో బావర్చీఖానా మరమ్మతు నడుస్తోంది. మేస్త్రీ తెచ్చిన నక్షాలో బైఠక్‌కూ బావర్చీఖానాకూ మధ్య గోడ లేదు. గోడ ఉండే చోట ఆరడుగుల గట్టు, దాని మీద ‘కాఫీ బార్’ అని రాసి ఉంది. మా సాస్‌ని మేమంతా అమ్మీజాన్ అంటాం. ఆమెకు బార్ అన్న మాట వినగానే గుండె ఝల్లుమంది. “ఇంట్లో బార్ ఏంది, తౌబా తౌబా!” అన్నారు. పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు మాత్రం మాట కన్నా గోడ మీద ఫికర్. గోడ పోతే బైఠక్ పోతుంది. మెహమాన్ వచ్చి కూర్చుంటే మేము వంటగదిలో ఎట్లా మసలాలి? గోడ ఉంచితేనో, బైఠక్‌లోంచి “నాలుగు చాయ్” అనే ఆవాజ్ వస్తూనే ఉంటుంది, పరదా వెనక మేము కాస్తూనే ఉంటాం. ఈ రెండే దారులా అని పుస్తకాలు తిరగేశాను.

ముందు అమ్మీజాన్ శక్ సంగతి. అది ఇవాళ్టిది కాదు, ఐదొందల ఏళ్ల నాటిది. పాత అరబీలో ఖహ్వా అంటే షరాబుకు ఉన్న పేర్లలో ఒకటి. 15వ శతాబ్దంలో యమన్ సూఫీలు రాత్రిళ్లు జిక్ర్‌లో నిద్ర ముంచుకు రాకుండా ఒక గింజను కాచి తాగేవాళ్లు. ఆ పేరు ఈ కొత్త పానీయానికి అంటుకుంది. పేరు అలాంటిది కాబట్టి గొడవ తప్పలేదు. 1511లో మక్కాలో ముహ్‌తసిబ్‌గా ఉన్న ఖాయిర్ బేగ్ ఉలమాను కూర్చోబెట్టి ఖహ్వా మీద పాబందీ పెట్టించాడు. ఆ ఖబర్ ఖాహిరాకు చేరింది. అక్కడి సుల్తాన్ జవాబు మెత్తగా వచ్చింది. జనం గుంపులుగా చేరి తప్పు పనులు చేస్తే ఆపండి, అంతేగానీ ఖహ్వానే పూర్తిగా ఆపమని అందులో లేదు. అంటే చిక్కు గింజలో లేదు, నలుగురూ ఎక్కడ ఎట్లా కూర్చుంటున్నారు అన్నదాంట్లో ఉంది. కాఫీ బార్ గురించి ఇప్పుడు మేము అడుక్కుంటున్న సవాలూ అదే.

16వ శతాబ్దం మధ్యలో అబ్దుల్ ఖాదిర్ అల్ జజీరీ అనే ఆలిమ్ ఖహ్వా హలాల్ అని చెప్తూ ఒక కితాబు రాశారు. ఖాహిరాలో అల్ అజ్హర్ దగ్గర యమన్ సూఫీలు ఎట్లా తాగేవాళ్లో అందులో ఉంది. ఎర్రమట్టి పెద్ద పాత్రలో ఖహ్వా ఉండేది. వాళ్ల షేఖ్ చిన్న గరిటెతో స్వయంగా ముంచి ఇచ్చేవారు. గిన్నె కుడివైపుగా ఒకరి నుంచి ఒకరికి పోయేది. నా మనసు ఆగింది ఇక్కడే. మజ్లిస్‌లో అందరికన్నా పెద్దవారే గరిటె పట్టుకున్నారు.

ఆ మజ్లిస్ నుంచి ఖహ్వా బజారుకు వచ్చింది. పెచెవీ అనే తుర్కీ తారీఖ్‌కారుడు రాసిన ప్రకారం 1550లలో హలబ్ నుంచి ఒకరు, దమిష్క్ నుంచి ఒకరు వచ్చి ఇస్తాంబుల్‌లో ఖహ్వాఖానాలు తెరిచారు. ఆ తర్వాత ఇళ్లలోకీ వచ్చింది. తోప్‌కాపీ మహల్‌లో సుల్తాన్ ఖహ్వా చూసుకోవడానికి ‘కహ్వెజీబాషీ’ అనే ఓహ్దా ఉండేది. పాషాల పెద్ద హవేలీల్లో ‘కహ్వె ఓజాగీ’ అని ఖహ్వాకు వేరే పొయ్యి ఉండేది. అన్నం, సాలన్ వండే పెద్ద బావర్చీఖానాతో దానికి సంబంధం లేదు. మర్దానా మెహమాన్లు కూర్చునే వైపు నుంచే దాని ఖిద్మత్ నడిచేది.

మరి జనానా వైపు? అక్కడా ఖహ్వా పరదా వెనక దాక్కోలేదు. ఇంటి బేగం దగ్గరికి ఆడ మెహమాన్లు వస్తే ‘సితిల్’ అనే సామాను బయటికి తీసేవాళ్లు. మూడు గొలుసులకు వేలాడే ఇత్తడి పాత్ర, దాంట్లో నిప్పులు, నిప్పుల మీద ఖహ్వా. ఒక అమ్మాయి దాన్ని గొలుసులు పట్టుకుని మోసుకొచ్చేది. ఇంకో అమ్మాయి జరీ పని చేసిన మఖ్మల్ గుడ్డతో ఫింజాన్ల పళ్లెం తెచ్చేది. నడిచే కాఫీ బార్ అన్నమాట! దాన్ని చూడ్డానికి కట్టిన గట్టు అక్కర్లేదు, ఆరడుగుల జాగా అక్కర్లేదు.

అరేబియా నజ్ద్ ఇళ్ల కట్టడం ఇంకా ముచ్చటగా ఉంటుంది. అక్కడ మెహమాన్ గదిలోనే ‘విజార్’ అనే ఖహ్వా పొయ్యి ఉంటుంది. దాన్ని ఆనుకుని గోడకు ‘కమార్’. అంటే జిప్సం గారతో నక్షీలు చెక్కిన అరలు. దల్లాలు, ఫింజాన్లు ఆ అరల్లో బారుగా ఉంటాయి. పొగ పోవడానికి పైకప్పులో తెరిచి మూసే కంత ఉంటుంది. గింజ వేపడం, దంచడం, కాయడం అన్నీ మెహమాన్ కళ్లముందే. రోట్లో రోకలి మోత వినబడితే ఫలానా ఇంట్లో ఖహ్వా ఉందని పక్కింటివాళ్లకు తెలిసేది. పెద్ద ఇళ్లలో ఈ పని గులాములు చేసేవాళ్లు. పాల్‌గ్రేవ్ చూసిన ఇంట్లోనూ గులామే చేశాడు. దాన్ని దాచి తారీఖ్‌ని తియ్యగా చెప్పడం ఇన్సాఫ్ కాదు. కానీ బద్దూల గుడారాల్లో ఇంటి పెద్దో ఆయన కొడుకో పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లు. అది వాళ్లకు తక్కువ పని కాదు, ఇజ్జత్ పని.

2015లో యునెస్కో అరబ్బు ఖహ్వాను సఖావత్‌కు నిషానీగా తన జాబితాలో చేర్చింది. అదే ఏడు మజ్లిస్‌నూ చేర్చింది. తుర్కీ కాఫీ అంతకు రెండేళ్ల ముందే, 2013లో ఆ జాబితాకు ఎక్కింది.

మా మామూకు ఈ కాగితాల సంగతి తెలీదు. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్ పోయిన వేలమందిలో ఆయనొకరు. ఒక షేఖ్ ఇంటి దీవానియాలో పన్నెండేళ్లు ఖహ్వా పోశారు. దల్లా ఎడమ చేతిలో, ఫింజాన్ కుడి చేతిలో పట్టాలి. కుడివైపు నుంచి పోస్తూ పోవాలి. ఫింజాన్ పావు వంతుకు మించి నింపకూడదు. నిండుగా పోస్తే ‘తాగి లేచిపో’ అన్నట్టు. మెహమాన్ ఫింజాన్‌ని అటూ ఇటూ ఊపితే చాలని అర్థం, ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఆ ఇంట్లో ఖహ్వా కాచేది లోపలి వంటగదిలో కాదని, దీవానియా తలుపు పక్కనే చిన్న మూలలో అని మామూ చెప్తారు. “ఇంట్లో ఆడవాళ్లకు ఎంతమంది వచ్చారో కూడా తెలీదు. ఖహ్వా మాత్రం ఆగదు” అంటారు.

ఇక మన ముల్క్ సంగతి. ఖహ్వా మనకు కొత్తది కాదు. జహంగీర్ దర్బార్‌కు వచ్చిన ఇంగ్లీషు రాయబారి వెంట ఎడ్వర్డ్ టెర్రీ అనే పాదిరీ ఉండేవాడు. దీన్ విషయంలో గట్టిగా ఉండి షరాబు ముట్టనివాళ్లు ఇక్కడ కాఫీ తాగుతారని అతను రాశాడు. 1738లో నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా వెంట దక్కన్ నుంచి ఢిల్లీ వెళ్లిన దర్గా ఖులీ ఖాన్, చాందినీ చౌక్ ఖహ్వాఖానాల్లో షాయర్లు కూడడం చూసి తన ‘మురఖ్ఖా’లో రాసుకున్నారు. చిక్‌మగళూరు కొండల మీద బాబా బుడన్ యమన్ నుంచి ఏడు గింజలు తెచ్చి నాటారని రివాయత్. ఆ కొండకు ఆయన పేరే ఉంది, అక్కడి దర్గాకు ముస్లింలూ హిందువులూ ఇద్దరూ వెళ్తారు. 2019లో బాబా బుడన్‌గిరి కాఫీకీ, మన అరకు కాఫీకీ ఒకేసారి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గింజ వచ్చింది గానీ, మెహమాన్ ముందు కాచే రివాజ్ మన మామూలు ఇళ్లలో నాటుకోలేదు. 1903లో టీ మీద సెస్సు చట్టం తెచ్చి, ఆ పైసలతో చాయ్‌కి ఊరూరా ప్రచారం చేశారు. చాయ్ మన ఇళ్లను గెలిచింది. చాయ్ అంటే పాలు, పాలంటే బావర్చీఖానా. అట్లా మెహమాన్ బైఠక్‌లో, పొయ్యి లోపల, మధ్యలో పరదా.

ఇంతలో ఫిరంగీ దేశాల నుంచి ఇంకో నమూనా వచ్చింది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన ఇళ్ల కోసం మార్గరెటె షూట్టె లిహోట్స్కీ అనే మహిళా ఆర్కిటెక్ట్ ఒక వంటగది గీశారు. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. రైలు బండి వంటగదిలా ప్రతి వస్తువూ చేతికందేలా. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. ఇప్పుడు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నది దాని మనవరాలే. ఆమె నియత్ మంచిది, ఆడవాళ్ల అడుగులు తగ్గించాలని. కానీ అది ఒక్క మనిషి నిలబడే గది అయింది. ఆ ఒంటరితనం పోగొట్టడానికి తర్వాతివాళ్లు గోడలు కూల్చి, గట్లు పెట్టారు. మా మేస్త్రీ నక్షాలో ఉన్నది ఆ రెండో ఆలోచన. అది వాళ్ల ఇళ్ల చిక్కుకు వాళ్లు కనుక్కున్న ఇలాజ్. మన ఇంటి చిక్కు వేరు.

ఈ తారీఖ్ అంతా చూశాక మూడో దారి కనబడింది. గోడ ఉంటుంది. ఖహ్వా మూల మాత్రం గోడకు బైఠక్ వైపు ఉంటుంది. పాత దక్కనీ ఇళ్లలో గోడకు తాఖ్ ఉండేది కదా, దీపమో కితాబో పెట్టుకునే గూడు. మా ఇంట్లో అలాంటి తాఖ్ ఉంది. దాని కింద నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు లోతు గట్టు. ఎత్తు మూడడుగులు, నిలబడి పోసేవాళ్ల నడుము వంగకుండా. బావర్చీఖానా నీళ్ల పైపులు అదే గోడకు అటువైపు ఉన్నాయి కాబట్టి ఇటు చిన్న సింకు పెట్టడం సులువు. నీళ్లు కాచే కెటిల్‌కీ మెషీనుకీ 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. టైల్స్ వెయ్యకముందే ఆ వైరింగ్ అయిపోవాలి. తాఖ్‌ని వెడల్పు చెయ్యాలనుకునేవాళ్లు ఆ గోడ మీద స్లాబు బరువు ఉందో లేదో ఇంజనీరును అడగండి. ఆ గూటిలో మామూ తెచ్చిన దల్లా, ఇత్తడి ఫిల్టరు, పన్నెండు కప్పులు, ఖజూర్ డబ్బా, సులేమానీ చాయ్ కోసం యాలకులు, నిమ్మకాయ. రోజూ చేతికి రానిది ఏదీ అక్కడ ఉండదు. వాడని పాత్రల వరస ఇస్రాఫ్.

సామాను కన్నా ముఖ్యమైన షరత్ ఒకటుంది. ఆ మూల దగ్గర నిలబడేది మేజ్‌బాన్. మగ మెహమాన్లు వస్తే మా ఆయన, లేకపోతే మా అబ్బాయి. ఆడవాళ్లు వస్తే నేనో, మా అమ్మాయో. మెహమాన్‌ని వదిలి ఎవరూ లోపలికి పోనక్కర్లేదు, లోపలికి ఆవాజ్ వెయ్యనక్కర్లేదు. ఇబ్రాహీం అలైహిస్సలాం తన మెహమాన్ల ముందుకు భోజనం స్వయంగా తెచ్చిన వాకియా మన పిల్లలందరికీ తెలుసు. పిల్లలు దాన్ని వినడం వేరు, ఇంట్లో అబ్బా చేస్తుంటే చూడడం వేరు.

మీరూ ఇల్లు బాగుచేయించుకుంటుంటే రంగులు, అరలు ఎంచుకునే ముందు ఒక్క మాట తేల్చుకోండి. ఆ మూలలో ఎవరు నిలబడతారు? ఎవరికి పోస్తారు? అది తేలితే గట్టు ఎక్కడ కట్టాలో ఇల్లే చెప్తుంది. గోడకు ఫోటో తీసుకునే అరలు రెండు వారాల్లో తయారవుతాయి. పెద్దవారు గరిటె పట్టే రివాజ్‌కు మాత్రం ఒక తరం పడుతుంది. రెండూ ఒకే రోజు మొదలుపెట్టవచ్చు, ఇన్షా అల్లాహ్.