అర్ధరాత్రి రక్తపు చుక్క

బోదకాలు దూరమునుండియే కానవచ్చు వ్యాధి. దానికి మూలమైన క్రిమిని పట్టుటకు మాత్రము వైద్యులు బహుకాలము శ్రమింపవలసి వచ్చెను. 1863లో పారిస్ నగరమున డెమార్కే వరిబీజపు నీటియందును, 1866లో బ్రెజిల్ దేశమున వుకరర్ మూత్రమునందును, 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ నెత్తుటియందును ఆ క్రిమిశిశువులను చూచిరి. చైనాలోని ఆమోయి రేవున వైద్యము చేయుచుండిన పాట్రిక్ మాన్సన్, 1877లో ఈ క్రిమి దోమ యొడలిలో పెరుగుననియు, అటుపిమ్మట పగటి రక్తమును రాత్రి రక్తమును వేరువేరుగ పరిశీలించి, పగలెల్ల దాదాపుగ కానరాని యీ పిల్లలు చీకటి పడినతోడనే చర్మమునకు చేరువనున్న రక్తనాళములలోనికి వచ్చుననియు నిరూపించెను. క్యూలెక్సు దోమ కుట్టు వేళయు నదియే కదా!

ఈ యొక్క లక్షణమువలన రోగపరీక్ష రాత్రి యుద్యోగమైనది. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమ మారంభమైన పిదప, గోదావరి మండలములవంటి పీడితప్రాంతములలో సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటినపిమ్మట ఇల్లిల్లు తిరిగి, వ్రేలు పొడిచి, ఇరువది ఘనమిల్లీమీటర్ల నెత్తురును గాజుపలకపై దట్టముగ పూసి, ఆరబెట్టి, మరునాడు నీట ఎరుపు వదలించి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో లెక్కించెడివారు. కూలికిపోయి వచ్చి గాఢనిద్రలోనున్న గృహస్థుని లేపి సూది గ్రుచ్చువానికి ఏ యూర నాదరము లభించును? ఇంతకన్న విచిత్రమేమనగా, కాలు స్తంభమువలె వాచినవాని రక్తమున పలుమారు క్రిమిశిశువొక్కటియు నుండదు. ఏ బాధయు నెఱుగక తిరుగుచున్న యువకుని రక్తమున నవి కుప్పలుగ నుండవచ్చును. చుక్కయడిగినపుడు "నాకేమి జబ్బు?" యని గదమాయించువాడే దోమలకు మేత పెట్టువాడని సిబ్బంది యెట్లు నచ్చజెప్పగలరు?

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1947లో వెలువరించిన హెట్రజాన్ ఈ వ్యాధికి మందైనది. అంతియేగాక, పగటివేళ నొక్క మోతాదు మ్రింగించినచో ఒక గంటలోపుననే శిశుక్రిములు పైరక్తమునకు వచ్చునని తెలిసినందున, దాని నొక పరీక్షగ గూడ వాడిరి. కాని మందువలన జ్వరాదులు పుట్టవచ్చును.

1990 దశకపు తుదిలో వచ్చిన కార్డు పరీక్ష రాత్రి నిర్బంధమును తొలగించెను. పెద్ద క్రిమి విడుచు పదార్థము పగలును రాత్రియు రక్తములో ప్రవహించును గాన, ఏ వేళ తీసిన చుక్కయైనను పది నిమిషములలో గీతయై తెలియవచ్చును. పలకలు చూచువారికి తప్పిపోయిన వారనేకులు దీనికి చిక్కిరి. అయినను నా యభిప్రాయమున పలకను పారవేయరాదు: మందిచ్చి శిశుక్రిములు నశించిన తరువాతను పెద్దక్రిమి ఆనవాలు నెలలకొలది నిలిచి యుండుటచేత, వ్యాధిని నేడు వ్యాపింపజేయువా డెవడో కార్డు చెప్పజాలదు. కేరళమున గల బ్రుగియా యను క్రిమిజాతిని గుర్తింపనే గుర్తింపదు. మధ్యాఫ్రికలో లోవా యను వేరొక క్రిమిని చూచి కొన్నిమారులు పొరబడును.

అందుచేత సామూహికముగ మందు పంచుట ఆపవచ్చునా యను ప్రశ్నకు ఇపుడు ఆరేడేండ్ల పిల్లలను పరీక్షింతురు. వారి రక్తమున క్రిమి యానవాలున్నచో, అది పాత వ్యాధి శేషము గాక, మందుపంపిణీ సాగుచుండగ క్రొత్తగ సోకినదని తేలును.