మహమ్మారి కాలపు మార్కులు: ఒక చారిత్రక పరిశీలన

2020 మార్చి నెలలో విశ్వవిద్యాలయాలు మూతపడి, తరగతులు ఫోను తెరల మీదికి మారినవి. ఆ కాలపు విద్యార్థులను నేటికీ కొందరు "కరోనా బ్యాచ్" అని చులకనగా పిలుచుట మనకు తెలిసినదే. ఇంటినుండి చదివిన చదువు వారిని వెనుకకు నెట్టినదా? ఈ ప్రశ్నకు మార్కుల పట్టిక ఒక్కటే సాక్ష్యము కాజాలదని ఈ వ్యాసములో చూపగోరుచున్నాము.

మొదట రెండు పరదేశపు పరిశోధనలు చూచెదము. స్పెయిన్‌లో మాడ్రిడ్ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయ పరిశోధకులు 458 మంది విద్యార్థులను పరిశీలించగా, 2020 నిర్బంధ కాలములో ఫలితాలు మెరుగుపడినట్లు తేలినది. విద్యార్థులు పరీక్షల ముందు మాత్రమే గాక క్రమముగా చదువుటయే దీనికి కారణమని వారు వివరించిరి. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఇందుకు భిన్నముగా జరిగినది. 2020 శరదృతువులో ఆర్థికశాస్త్ర విద్యార్థులను ఎంపిక లేకుండ, చీటీలు వేసినట్లు రెండు భాగములు చేసి, కొందరికి తరగతి గదిలోను, కొందరికి ఆన్‌లైన్‌లోను బోధించిరి. ఆన్‌లైన్‌లో చదివినవారి మార్కులు తగ్గినవి. ధ్యాస నిలుపుట కష్టమైనదనియు, అధ్యాపకులతోను తోటివారితోను సంబంధము పలుచనైనదనియు ఆ విద్యార్థులే తెలిపిరి.

మన దేశములో సంగతి మరింత చిక్కైనది. 2020 ఏప్రిల్ 29న యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారము, పరిస్థితి చక్కబడనిచోట మధ్య సెమిస్టర్ల వారికి అంతర్గత మూల్యాంకనమునుండి 50 శాతము, ముందటి సెమిస్టరునుండి 50 శాతము కలిపి గ్రేడు ఇవ్వవచ్చును. అట్టి గ్రేడులో సగము మహమ్మారికి ముందటి చదువుదే. దానిని చూపి ఆన్‌లైన్ బోధన ఫలించినదనుట గాని, విఫలమైనదనుట గాని న్యాయము కాదు.

అంతేకాదు, 2017-18 జాతీయ నమూనా సర్వేలో ఇంటర్నెట్ సౌకర్యమున్న ఇళ్లు పట్టణాలలో సుమారు 42 శాతము, పల్లెలలో సుమారు 15 శాతము మాత్రమే. సిగ్నలు కొరకు మేడెక్కినవాడును, సొంత గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాడును ఒకే పట్టికలో కనబడుదురు. వారి మధ్యనున్న దూరము అందులో కనబడదు.

దూరవిద్య మనకు క్రొత్త కాదు. 1982లోనే హైదరాబాదులో దేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. అచ్చు పాఠములు, అధ్యయన కేంద్రములు ముందుగా సిద్ధపరచుకొని నడచిన విద్య అది. 2020లో వచ్చినది సిద్ధపాటు లేని అత్యవసర మార్పు. కనుక లోపమును దూరమునకు గాని, విద్యార్థికి గాని అంటగట్టక, సిద్ధపాటు లేమికి చెందినదిగా గుర్తించుట చరిత్రకారుని ధర్మమని మేము తలంచుచున్నాము. ఆ పట్టాను చేతపట్టుకొని ఉద్యోగమునకు వచ్చు యువకుని అనుమానించుటకు ముందు, ఆ మార్కు ఏ పద్ధతిలో వచ్చినదో అడుగుట మన కనీస బాధ్యత.